కథలో దాగిన గూపీ, బాఘా



సల్మాన్ రష్దీ 1990లో పిల్లల కోసం ఒక నవల రాశారు. పేరు 'హారూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్'. హారూన్ అనే కుర్రవాడి తండ్రి రషీద్ కథలు చెప్పుకుని బతికే మనిషి. ఒకనాడు ఆయన నోరు విప్పితే కథ రాదు. పోయిన ఆ విద్యను వెనక్కి తేవడానికి కొడుకు కథల సముద్రానికి బయల్దేరతాడు. అక్కడ అతనికి రెండు చేపలు తోడవుతాయి. ఒంటినిండా నోళ్లున్న చేపలు. ఎక్కడికెళ్లినా జంటగానే వెళతాయి, మాట్లాడితే ప్రాసలోనే మాట్లాడతాయి. వాటి పేర్లు గూపీ, బాఘా.

మన తెలుగు పిల్లవాడు ఈ పుస్తకం చదివితే ఆ పేర్లు గమ్మత్తుగా ఉన్నాయనుకుని ముందుకు సాగిపోతాడు. బెంగాలీ పిల్లవాడు మాత్రం అక్కడ ఆగి నవ్వుకుంటాడు. సత్యజిత్ రాయ్ 1969లో తీసిన 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' సినిమాలో జంట కథానాయకుల పేర్లవి. ఒకడు శ్రుతి తెలియని గాయకుడు, రెండోవాడు తాళం తెలియని డోలు వాయిద్యగాడు. ఇద్దర్నీ ఎవరి ఊళ్లోంచి వాళ్లను వెళ్లగొడితే, అడవిలో దయ్యాల రాజు వరాలిస్తాడు. ఆ కథ కూడా రాయ్ సొంతం కాదు, ఆయన తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రాసింది. తాత రాసిన కథ మనవడి సినిమాలోకి, అక్కణ్నుంచి చేపల రూపంలో రష్దీ నవలలోకి వచ్చింది. అదే పుస్తకంలో వాల్రస్ అనే పెద్ద అధికారి ఒకడు, అతని కింద ఎగ్‌హెడ్లు అనే సిబ్బంది ఉంటారు. బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన వాల్రస్ పాట తెలిసినవాళ్లకు వాళ్లెక్కణ్నుంచి వచ్చారో చెప్పక్కర్లేదు. ఇక తండ్రీకొడుకుల పేర్లు కలిపి చదవండి. అరేబియన్ నైట్స్ కథల్లోని బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ పలుకుతాడు. వాళ్ల ఇంటిపేరు కూడా ఖలీఫాయే.

రష్దీ నవల చివర పేర్ల పట్టిక ఒకటి పెట్టి, గూపీ బాఘాలు ఎవరో ఒక్క ముక్కలో చెప్పేశారు. చెప్పకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. లండన్లో పెరిగిన పిల్లవాడికి మరో దారి లేదు కదా అని ఆయన అనవచ్చు, అదీ నిజమే. ఏదైనా, కథ నడుస్తున్నంతసేపూ ఆయన గుట్టు విప్పలేదు. నేను మాట్లాడబోయేది ఈ గుట్టు గురించే. జనం నోళ్లలో నానే పాటలు, సినిమాలు, డిటెక్టివ్ నవలలు, వాటిలోని మనుషులు, వీటిని రచయిత తన కథలో కనపడీ కనపడకుండా పెట్టడం, వెతికి పట్టుకునే పని పాఠకుడికి వదిలెయ్యడం.

ఈ విద్యలో ఆరితేరినవాడు ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో. మధ్యయుగాల చరిత్రను కాచి వడబోసిన ప్రొఫెసరు. అదే చేత్తో సూపర్‌మాన్ మీద, జేమ్స్ బాండ్ నవలల మీద కూడా పరిశోధన వ్యాసాలు రాశాడు. పండితుల పుస్తకాలకూ రైల్వే స్టేషను పుస్తకాలకూ మధ్య ఆయనకు గోడ లేదు. 1980లో వచ్చిన ఆయన మొదటి నవల 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'.

కథాకాలం 1327. ఉత్తర ఇటలీ కొండల్లో ఒక క్రైస్తవ మఠం. అక్కడ సన్యాసులు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతుంటారు. అక్కడికి వచ్చిన ఒక ఇంగ్లీషు సన్యాసి మీద సంగతేమిటో తేల్చే పని పడుతుంది. పొడుగ్గా, సన్నగా ఉంటాడు, ముక్కు గద్దముక్కు. ఒక్కోసారి ఉత్సాహం ఉరకలు వేస్తుంది, ఒక్కోసారి పడకమీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటాడు. అప్పుడప్పుడూ ఏవో ఆకులు నములుతుంటాడు. పేరు విలియం, ఊరు బాస్కర్‌విల్. వెంట ఒక కుర్ర శిష్యుడు ఉన్నాడు, పేరు అడ్సో. ముసలివాడయ్యాక ఈ కథంతా మనకు చెప్పేది ఈ శిష్యుడే.

కానన్ డాయల్‌ను చదివినవాళ్లకు ఈపాటికి వెలిగి ఉంటుంది. బాస్కర్‌విల్ అనగానే ఆ వేటకుక్క నవల, షెర్లాక్ హోమ్స్ గుర్తొస్తారు. గద్దముక్కు, సన్నటి దేహం, నీరసం, హుషారు అన్నీ డాక్టర్ వాట్సన్ తన మిత్రుణ్ణి గురించి చెప్పిన గుర్తులే. హోమ్స్‌కు మత్తుమందు అలవాటైతే, విలియంకు ఆకులు. అడ్సో అన్న పేరు పైకి పలికి చూడండి, అందులోంచి వాట్సన్ తొంగిచూస్తాడు.

ఆ మఠానికి మహా గ్రంథాలయం ఉంది. లోపలికి వెళ్లినవాడు దారితప్పి బయటపడలేనంత చిక్కుముడి కట్టడం. దాని గుట్టుమట్లన్నీ తెలిసినవాడు ఒక గుడ్డి ముసలి సన్యాసి. బుర్గోస్ ఊరివాడు, పేరు హోర్హే. అర్జెంటీనా రచయిత హోర్హే లూయీస్ బోర్హెస్ 1955 నుంచి ఆ దేశపు జాతీయ గ్రంథాలయానికి డైరెక్టరుగా చేశారు. ఆ పదవి వచ్చేనాటికే చూపు దాదాపు పోయింది. అంతులేని గ్రంథాలయం మీద ఆయన రాసిన కథ ప్రపంచ ప్రసిద్ధం. ఎకో ఆయన్ను అంతగా అభిమానించి కూడా నవలలో ఆ పాత్రకు ఎలాంటి పని అప్పగించాడో చదివి తెలుసుకోవలసిందే, నేను చెప్పను. దండం పెడుతూనే వీపుమీద చరిచినట్టుంటుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది గుర్రం ఘట్టం. విలియం, అడ్సో కొండెక్కి మఠానికి వస్తుంటే పనివాళ్లు ఆదరాబాదరాగా దేన్నో వెతుకుతూ ఎదురవుతారు. వాళ్లింకా ఏమీ అడగకముందే విలియం, మీ గుర్రం అటువైపు వెళ్లిందంటాడు. దాని ఎత్తు, తోక, పేరు సహా చెబుతాడు. ఆ గుర్రాన్ని అతను చూడనే లేదు. మంచులో గుర్తులు, ముళ్లపొదకు చిక్కుకున్న వెంట్రుకలు చూశాడు, అంతే. ఇది వోల్తేర్ 'జాడిగ్' కథలోంచి వచ్చిన ఘట్టం. వోల్తేర్‌కు ఎక్కడిది అంటారా? మనలో చాలామంది చిన్నప్పుడు బడిలో తప్పిపోయిన ఒంటె కథ విన్నాం. ఒక కన్ను గుడ్డి, ఒక కాలు కుంటి అని చూడకుండానే చెప్పిన బాటసారుల కథ. ఆ కథే తూర్పు నుంచి పడమరకు పోయింది. మన ఢిల్లీలో కూర్చుని అమీర్ ఖుస్రో రాసిన పారశీక కావ్యంలోనూ అది ఉంది. అంటే ఇటాలియన్ నవలలో ఒంటె కథను గుర్తుపట్టే హక్కు ఇటలీవాళ్లకంటే మనకే కాస్త ఎక్కువ.

ఆ నవల ప్రపంచమంతా లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. కొన్న ప్రతివాడూ బోర్హెస్‌ను చదివినవాడా? కాదు. వాళ్లలో చాలామందికి అదొక మంచి హత్యా పరిశోధన కథ. హంతకుడెవరా అని తెల్లవార్లూ కూర్చుని చదివారు. గుర్తుపట్టినవాడికి ఆ పైన మరో ఆనందం దొరికింది. పట్టనివాడి చేతిలోంచి పోయిందేమీ లేదు, ఏదో పోయిందన్న అనుమానం కూడా వాడికి రాలేదు. దాచడమంటే అదీ.

ఈ సంగతి మన ఆలంకారికులకు కొత్త కాదు. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో ముద్ర అని ఒక అలంకారం చెప్పారు. చెబుతున్న విషయానికి పూర్తిగా పనికొచ్చే మాటలతోనే చెప్పదలచిన మరో సంగతిని సూచించడం దాని లక్షణం. నాయిక అందాన్ని వర్ణిస్తున్నట్టే వర్ణిస్తూ, ఆ పద్యం ఏ వృత్తంలో ఉందో ఆ వృత్తం పేరు అందులో పొదుగుతారు. ఆ మాట ముందు వర్ణనకు ఊడిగం చెయ్యాలి, సూచన ఆ తర్వాత. వర్ణనలో అతకని మాటను వృత్తం పేరు కోసం తెచ్చి ఇరికిస్తే అది ముద్ర కాదు, అతుకు.

ఇంగ్లీషు హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ ఇదే పని రాక్ సంగీతంతో చేశాడు. డిస్క్‌వరల్డ్ అనే ఒక ఊహాలోకం మీద ఆయన 41 నవలలు రాశాడు. 1994లో వచ్చిన 'సోల్ మ్యూజిక్' వాటిలో ఒకటి. ఆ లోకంలో విద్యుత్తు లేదు, మంత్రగాళ్లు, మరుగుజ్జులు, రాతి మనుషులు ఉంటారు. అక్కడికి ఒక పల్లెటూరి కుర్రవాడు వీణలాంటి వాయిద్యం పట్టుకుని నగరానికి వస్తాడు. పేరు ఇంప్ ఇ కెలిన్. వేల్స్ దేశపు భాషలో ఆ పేరుకు హాలీ మొక్క మొగ్గ అని అర్థం. మొగ్గకు ఇంగ్లీషులో బడ్, మొక్క హాలీ. రెండూ కలిపితే బడ్డీ హాలీ. అమెరికా రాక్ సంగీతపు తొలితరం గాయకుడు, 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్లు.

ఇది ఉత్త పేరు చమత్కారమైతే నేనింత చెప్పను. ఆ నవల అంతటా నలిగే ప్రశ్న ఒకటుంది: సంగీతం ఈ కుర్రవాణ్ణి చిన్నవయసులోనే మింగేసి అమరుణ్ణి చేస్తుందా, లేక మామూలు మనిషిగా బతకనిస్తుందా? బడ్డీ హాలీ ఎలా పోయాడో తెలిసిన పాఠకుడికి మొదటి పేజీల నుంచే గుండెలో గుబులు. తెలియనివాడికి మృత్యుదేవత మనవరాలు ఈ కుర్రవాణ్ణి కాపాడాలని తాపత్రయపడే కథ ఉండనే ఉంది. పేరులో దాచింది చివరికి కథ ప్రాణాన్నే పట్టుకుంది.

ఇతన్ని చూసినవాళ్లంతా ఎల్ఫ్ జాతివాడిలా ఉన్నావే అంటుంటారు. ఆ మాట ఇంగ్లీషులో ఎల్విష్. ఎల్విస్ ప్రెస్లీ పేరుకు ఒక్క అక్షరం దూరం. ఇలాంటివి మరీ పలచన అనేవాళ్లున్నారు, నిజమే, కొన్ని పలచనే. పోటీ బృందం ఒకటి తమకు పెట్టుకున్న పేరుకు అర్థం, మేం కచ్చితంగా మరుగుజ్జులమే అని. అమెరికాలో నిజంగానే ఒక బృందం ఉంది, దాని పేరుకు అర్థం, వాళ్లు రాక్షసాకారులేమో అని. ఇవి తెలిసి నవ్వితే నవ్వుతాం, లేకపోతే మరుగుజ్జులు తమను మరుగుజ్జులమని చెప్పుకోవడం కూడా నవ్వులాటే. నవల చివర, ఒక ఊళ్లో చేపల వేపుడు కొట్లో కొత్తగా చేరిన కుర్రవాడు ఎల్విష్‌గా ఉన్నాడని ఎవరో అంటారు. కర్స్టీ మాకాల్ అనే గాయని 1981లో పాడిన పాట ఒకటుంది. చేపల వేపుడు కొట్లో పనిచేసేవాడొకడు తానే ఎల్విస్‌నని ఒట్టేసి చెబుతాడట అందులో. ఆ పాట తెలిసినవాడికి అక్కడ నవ్వూ వస్తుంది, మన కుర్రవాడు బతికే ఉన్నాడన్న ఊరటా కలుగుతుంది.

పేరడీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రిగారి పేరడీలు చదివి నవ్వాలంటే అసలు కవిత తెలిసి ఉండి తీరాలి. మూలం తెలియని చోట పేరడీ మూగబోతుంది. అది దాని లోపం కాదు, లక్షణం. మనం చెప్పుకుంటున్న దాచుడు పని మాత్రం పప్పులో ఇంగువలా ఉండాలి. కళ్లకు కనిపించదు, పేరు తెలియనివాడికి కూడా పప్పు రుచిగానే ఉంటుంది.

దాచడం బొత్తిగా మానేసిన పుస్తకం గురించి కూడా చెప్పాలి. 2011లో ఎర్నెస్ట్ క్లైన్ రాసిన 'రెడీ ప్లేయర్ వన్'. స్పీల్‌బర్గ్ దాన్ని 2018లో సినిమాగా తీశారు. ఒక కోటీశ్వరుడు తన ఆస్తిని ఒక కంప్యూటర్ లోకంలో దాచి చనిపోతాడు. ఆయన చిన్ననాటి 1980ల సినిమాలు, ఆటలు, పాటలు క్షుణ్ణంగా తెలిసినవాడికే అది దొరుకుతుంది. ఎత్తుగడ గొప్పది. కానీ నవలలో ప్రతి సినిమా పేరు, ప్రతి ఆట పేరు కథానాయకుడే గడగడా చెప్పేస్తాడు, ఏది ఎందులోదో వివరిస్తాడు కూడా. వెతకడానికి పాఠకుడికి ఏమీ మిగలదు. నిధివేట కథలో పాఠకుణ్ణి మాత్రం వేటకు రానివ్వలేదు.

విచిత్రమేమిటంటే ఆ నవల పతాక సన్నివేశం ఆధారపడ్డ అసలు సంఘటన, దాచడంలో ఉన్న తీపికి మంచి ఉదాహరణ. 1979 నాటి మాట. అమెరికాలో అటారి కంపెనీ వీడియో గేములు తయారుచేసేది, వాటిని సృష్టించినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఉద్యోగి 'అడ్వెంచర్' అనే ఆటలో ఒక బూడిదరంగు చుక్క పెట్టాడు. కంటికి ఆనదు. దాన్ని పట్టుకుని ఫలానా గోడ దగ్గరికి వెళితే గోడ దారి ఇస్తుంది. లోపల ఒక గది, ఆ గదిలో ఆటను తయారుచేసింది తనేనని మెరుస్తూ అతని పేరు. ఎవరికీ చెప్పకుండానే అతను ఉద్యోగం వదిలేశాడు. ఒక కుర్రవాడు ఆ గది కనిపెట్టి ఉత్తరం రాసేదాకా కంపెనీకి తెలియదు. తీసెయ్యడం ఖర్చుతో కూడిన పని అని అలాగే ఉంచేశారు. ఈస్టర్ పండగకు తోటలో రంగు గుడ్లు దాచి పిల్లల చేత వెతికిస్తారు కదా, ఆ పేరే ఇలాంటివాటికి స్థిరపడింది. ఇప్పుడు సినిమాల్లో, నవలల్లో దాచినవాటిని కూడా ఈస్టర్ ఎగ్స్ అనే అంటున్నారు.

మన దగ్గర ఈ సరదా ఎక్కువగా తెరమీదే సాగింది. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' పేరు 1957 నాటి 'మాయాబజార్' పాటలోంచి వచ్చిందే. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా ఆయనే తీసిన 'చంటబ్బాయ్'లో చిరంజీవి తనను జేమ్స్ పాండ్ అని పరిచయం చేసుకుంటాడు. హాల్లో అయితే ఒకడు నవ్వితే పక్కవాడు ఎందుకు నవ్వావని అడుగుతాడు, విషయం పాకిపోతుంది. పుస్తకం చదివేవాడు ఒంటరివాడు, అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకే కథ రాసేవాడికి సినిమావాడికంటే జాగ్రత్త ఎక్కువ కావాలి.

కొత్తగా రాస్తున్నవాళ్లకు ఒక ఉదాహరణ ఇస్తాను. మీ కథలో ఒక సెల్‌ఫోన్ల కొట్టు ఉందనుకోండి. దానికి ప్రియదర్శిని మొబైల్స్ అని పేరు పెట్టండి, యజమానురాలికి శశి అని పెట్టండి. ఏ వ్యాఖ్యానమూ చెయ్యకండి. అది ఏ ఊళ్లోనైనా ఉండగల కొట్టే, ఆమె ఎవరైనా కాగల మనిషే. మాయాబజార్‌లో శశిరేఖ పెట్టె తెరిచి దూరాన ఉన్న అభిమన్యుణ్ణి చూసుకోవడం గుర్తున్న పాఠకుడికి మాత్రం, ఆ పెట్టె పేరు ప్రియదర్శిని అని గుర్తొస్తుంది. వీడియో కాల్ మనకు ఎన్నడో తెలుసని నవ్వుకుంటాడు. మీ కథలో ఎడబాటు ఉంటే ఆ నవ్వు కథకే పనికొస్తుంది. లేకపోతే పెట్టకండి. రెండు పేరాల తర్వాత ఒక పాత్ర చేత, అచ్చం మాయాబజార్‌లోలా ఉందే అనిపించారో, మీరే దొంగను పట్టించినట్టు.

పాటల చరణాలు ఎత్తి రాసుకోవాలంటే హక్కుదారుల అనుమతి గొడవ ఉంటుంది. ఉత్త పేరుకు ఆ బాధ తక్కువ. సినిమా పేరు ఒక్కదానికే కాపీరైట్ వర్తించదని మన సుప్రీంకోర్టు 2015లో 'దేశీ బాయ్స్' కేసులో చెప్పింది. ట్రేడ్‌మార్కు సంగతి వేరు, అది చూసుకోవాలి.

ఇక, దాచినవాటికి ఆయుష్షు ఎంత? అగాథా క్రిస్టీ 1929లో 'పార్ట్‌నర్స్ ఇన్ క్రైమ్' అని కథలు ప్రచురించింది. అందులో ఒక జంట, ఒక్కో కేసులో ఒక్కో ప్రసిద్ధ డిటెక్టివ్‌ను అనుకరిస్తూ పరిశోధిస్తుంది. తన సొంత పాత్ర పోయిరోను కూడా ఆమె వదల్లేదు. ఇవాళ చదివితే హోమ్స్, ఫాదర్ బ్రౌన్, పోయిరో తెలుస్తారు. మిగిలినవాళ్లలో చాలామంది జనం మరపులోకి పోయారు. ఆ కథల బలమంతా అనుకరణ మీదే ఉంది కాబట్టి, అనుకరించినవాడు మాయమైన కథ ఇప్పుడు కుంటుతోంది.

మన 'కన్యాశుల్కం' చూడండి. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన కూర్పు వచ్చింది. గిరీశం మాటలనిండా ఆనాటి సంగతులే: వితంతు వివాహాల హడావిడి, నాచ్ క్వశ్చను, కాంగ్రెస్సు, ఇంగ్లీషు పద్యాలు. వాటిలో సగం ఇవాళ్టి విద్యార్థికి నోట్సు లేకుండా తెలియవు. అయినా గిరీశం నోరు తెరిస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ సంగతులన్నీ అతని గొప్పలకు సాధనాలు. సంగతి పాతబడినా గొప్పలు పోయే మనిషి పాతబడలేదు. అందుకే ముళ్లపూడి వెంకటరమణగారు అదే గిరీశాన్ని సినిమాల మీదికి తోలి 'గిరీశం లెక్చర్లు' ఇప్పించగలిగారు. అయితే ఇప్పుడు ముళ్లపూడివారి ఆ లెక్చర్లలోని సినిమా సంగతులకు కూడా నోట్సు అవసరమయ్యే రోజులొచ్చాయి. 1950ల నాటి స్టూడియోలు, తారలు, పత్రికల్లో నలిగిన కబుర్లు ఇవాళ ఇరవయ్యేళ్ల పాఠకుడికి ఎలా తెలుస్తాయి?

తెలిసినవాళ్లు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నారు. ఎనభయ్యేళ్ల తాతయ్యో అమ్మమ్మో ఏ పాత వారపత్రిక సంపుటమో చదువుతూ తమలో తాము నవ్వుకుంటే, ఎందుకు నవ్వారో అడగండి. ఫలానా సినిమాలో ఫలానావాడి మీద విసురు అని వాళ్లు చెబితే, ఆ పేజీ అంచున పెన్సిలుతో రాసి పెట్టండి. పెన్నుతో వద్దు, పాత కాగితం సిరా పీలుస్తుంది. సంవత్సరం కూడా వెయ్యడం మరిచిపోకండి.